పాసంగం ఉన్న తక్కెడ: మలక్‌పేటలో ఒక ఇంటి చరిత్ర పాఠం

2024 సెప్టెంబరు 17 పొద్దున్న మలక్‌పేట నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "మేడమ్, మా పాప ఈ రోజు పేరేంటని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

ఆవిడ ఇబ్బంది నాకు అర్థమైంది. ఆ రోజు పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం జరుపుతోంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినం జరుపుతోంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇదే రోజును జాతీయ సమైక్యతా దినం అంది. వాళ్ళ వీధి మలుపులో కట్టిన ఫ్లెక్సీ మీద విలీన దినమని ఉంది. కొన్ని వామపక్ష బృందాలు విద్రోహ దినమంటాయి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న తాతగారు మాత్రం "పోలీస్ యాక్షన్ అయిన రోజు" అన్నారట. పదమూడేళ్ళ పిల్ల వీటిలో ఏది నమ్మాలి?

నేను 14 ఏళ్ళు ఒక స్కూల్లో సోషల్ చెప్పాను. ఆరేళ్ళుగా ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చరిత్ర చెబుతున్నాను. ఈ కుటుంబంతో ఈ పాఠం మీద సెప్టెంబరు నుంచి మే దాకా, వారానికి రెండు రోజులు, రోజుకు గంటన్నర పనిచేశాను. ఇంట్లో చదువు చెప్పుకునే తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పక్షపాతం లేని మంచి చరిత్ర పుస్తకం ఒకటి చెప్పండి." అలాంటి పుస్తకం నేనింతవరకూ చూడలేదు. దాని బదులు ఏం చేయొచ్చో ఈ ఇంట్లో జరిగింది చెబితే తెలుస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, అది పెద్దదే.

ఇల్లు, మనుషులు

పాపకు 13, బాబుకు 10. పాపను రెండేళ్ళ కింద స్కూలు మాన్పించారు. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి రాయించాలని వాళ్ళ ఆలోచన. నాన్నది నల్లగొండ జిల్లా, అమ్మది గుంటూరు వైపు. నాన్నకు నాన్న, అంటే పిల్లల తాత, వీళ్ళతోనే ఉంటారు. ఆయనకు 82 ఏళ్ళు. ఊళ్ళో నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపారు. ఎదురు ఫ్లాట్‌లో ఒక ముస్లిం కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడను పిల్లలు దాదీ అని పిలుస్తారు. ఆవిడ పుట్టిల్లు బీదర్ దగ్గర.

మొదటిరోజు పాపను, 1948లో ఏం జరిగిందో తెలిసినంత రాయమన్నాను. ఆమె రాసింది ఇది: "1948 సెప్టెంబరు 17న సర్దార్ పటేల్ సైన్యాన్ని పంపి నిజాంను ఓడించాడు. రజాకార్లు హిందువులను చంపేవారు. అందువల్ల తెలంగాణకు విముక్తి లభించింది." మూడు వాక్యాలు. (రజాకార్లంటే హైదరాబాద్ భారత్‌లో కలవకూడదని నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన దళం.) అన్నీ అబద్ధాలు అనలేం. ఇవే పూర్తి నిజమూ కావు. ఎవరో చెప్పింది అప్పజెప్పినట్టుంది. ఎవరు చెప్పారమ్మా అంటే, "అందరూ అదేగా చెబుతారు" అంది.

నా మొదటి ఆరు వారాలు

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికీ, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ వెళ్ళి నాలుగు పక్షాల కాగితాలు పోగుచేశాను. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ మీద వేసిన శ్వేతపత్రం నుంచి కొన్ని పేజీలు. నిజాం ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ తర్వాత పాకిస్తాన్‌లో ఉండి రాసిన జ్ఞాపకాలు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఆ ఏడాది హైదరాబాద్‌లో ఉన్న కె.ఎం. మున్షీ జ్ఞాపకాలు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం గురించి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసింది. పిల్లలకు తగ్గట్టు తెలుగులో తేలిగ్గా తిరగరాసి తీసుకెళ్ళాను.

ఒక్కో కాగితం ముందు పెట్టి, "ఇది రాసినాయన ఎవరు? ఆయనకు దీనివల్ల లాభమేమిటి?" అని అడిగాను. పాప చురుకైన పిల్ల. రెండో వారానికే పట్టేసింది. నాలుగో వారానికి కాగితం చదవకుండానే తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. లాయక్ అలీనా, నిజాం మనిషి, పక్కన పెట్టండి. మున్షీనా, ఢిల్లీ మనిషి. సుందరయ్యనా, పార్టీ మనిషి. పక్షపాతాన్ని ఇంత తొందరగా పట్టుకుంటోందని నేను ముచ్చటపడ్డాను. సంతోషంగా వాళ్ళమ్మతో కూడా చెప్పాను.

ఆరో వారం ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తాతగారు రజాకార్ల సంగతి ఎత్తారు. వాళ్ళు గుర్రాల మీద ఊళ్ళోకి వచ్చారనీ, వాళ్ళమ్మ తనను దాచిందనీ చెబుతున్నారు. పాప మధ్యలో అడ్డుకుని, "తాతా, అప్పుడు నీకు ఆరేళ్ళే. నీకేం గుర్తుంటుంది? పైగా నువ్వు ఒక సైడు" అంది. ఆయన కాసేపు కంచంలోకి చూశారు. తర్వాత మజ్జిగ పోయించుకుని తిని లేచి వెళ్ళిపోయారు. వారం రోజులు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇది వాళ్ళమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పిల్ల పొగరు కాదది, నేను నేర్పిందే. అనుమానించడం నేర్పాను, తూచడం నేర్పలేదు. అందరూ ఏదో ఒక వైపు వాళ్ళే అని తెలిసిన పిల్లకు, ఆ తర్వాత ఏం చేయాలో చెప్పకపోతే రెండే దారులు మిగులుతాయి. ఎవర్నీ నమ్మకపోవడం, లేదా తనకు నచ్చిన వాళ్ళనే నమ్మడం. చాలామంది పెద్దవాళ్ళు రెండో దారిలో ఉన్నారు. ఒక పిల్లను నేను చేతులారా అక్కడికి పంపబోయాను.

తాతగారి తక్కెడ

తర్వాతి తరగతికి వెళ్ళి ముందు తాతగారి దగ్గర కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. ఆయన నవ్వి ఆ మాట తీసేశారు. మాటల్లో కొట్టు సంగతి వచ్చింది. పాత తక్కెడ ఇంకా అటకమీద ఉందన్నారు. బాబు కుర్చీ వేసుకుని దింపాడు. ఇత్తడి పళ్ళేలు నల్లబడ్డాయి, గొలుసులు చిక్కుపడ్డాయి. ఆయన ఖాళీ తక్కెడను ముల్లు దగ్గర పట్టుకుని పైకెత్తారు. ఎడమ పళ్ళెం అరంగుళం కిందికి దిగింది.

"చూసినవా, దీనికి పాసంగం ఉన్నది."

పిల్లలకు ఆ మాట తెలియదు. ఆయన వివరించారు. ఏ తక్కెడైనా వాడగా వాడగా ఒక పక్కకు ఒరుగుతుంది. తెలివైన గిరాకీ సరుకు వేయకముందే ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమంటాడు. ఒరిగితే పైకి లేచిన పళ్ళెంలో చిన్న రాయో, చింతగింజలో వేసి సమం చేసి అప్పుడు తూస్తారు.

"మరి తక్కెడ పారెయ్యరా?" అన్నాడు బాబు.

"పారేస్తే దేంతోటి జోకుతవ్ రా?"

పాప ఏమీ మాట్లాడలేదు. తాత చేతిలోంచి తక్కెడ తీసుకుని తనూ ఎత్తి చూసింది. ఎటు ఒరుగుతోందో చూసి కుడి పళ్ళెంలో ఒక్కో చింతగింజా వేస్తూ పోయింది. తొమ్మిది గింజలు పట్టాయి. నేను ఇంట్లోంచి తెచ్చుకున్న ఏ పాఠమూ ఆ రోజు బయటకు తీయలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పక్షపాతం అన్న మాటే ఎవరూ వాడరు. ఏ కాగితం చేతికిచ్చినా పిల్లలు అడిగేది, "దీని పాసంగం ఎటు? ఎంత?"

మూసీ దగ్గరికి

1948ని కొన్నాళ్ళు పక్కన పెట్టాను. రక్తం ఇంకా ఆరని సంగతితో తూచడం నేర్పకూడదు, చేతులు వణుకుతాయి. ఎవరూ కోపగించుకోని సంఘటన ఒకటి కావాలి. హైదరాబాద్‌లో అలాంటిది 1908 సెప్టెంబరు 28 మూసీ వరద.

మలక్‌పేటలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, నడుచుకుంటూ ఉస్మానియా ఆసుపత్రి వెనక ఉన్న చింతచెట్టు దగ్గరికి వెళ్ళాం. ఆ వరదలో ఈ చెట్టెక్కి 150 మంది బతికారని చెబుతారు. బాబు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొమ్మలు చూసి, "150 అని ఎవరు లెక్కపెట్టారు టీచర్? వరద వస్తుంటే ఎవరైనా లెక్కపెడతారా?" అన్నాడు. పదేళ్ళ పిల్లాడు అడగగలిగిన ప్రశ్నల్లో ఇంతకన్నా మంచిది నేను వినలేదు. తర్వాత బతికినవాళ్ళు చెప్పుకుంటే పోగైన సంఖ్య కావచ్చు, చెట్టు నిండా జనం ఉన్నారన్నది మాత్రం నమ్మొచ్చు అని వాడే తేల్చుకున్నాడు. చనిపోయినవాళ్ళు 15,000 మంది అన్న లెక్కనూ అలాగే చూశాం. అంత గుండ్రటి సంఖ్య అంచనాయే అవుతుంది. అంచనా అయినంత మాత్రాన వరద చిన్నదైపోదు.

ఇంటికొచ్చి రెండు కథనాలు పక్కపక్కన పెట్టాం. ఒకటి, వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పినవి: ఎగువన చెరువులు వరసగా తెగడం, నీటి పరిమాణం, మళ్ళీ రాకుండా ఎక్కడ ఆనకట్ట కట్టాలి అన్న లెక్కలు. ఆ ఆలోచనలోంచి వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. రెండోది ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ. ఆ వరదలో ఆయన కళ్ళముందే తల్లీ, భార్యా, కూతురూ కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే బతికాడు, దాని మీద కవిత రాశాడు. దాని భావం పిల్లలకు చెప్పాను.

"ఇద్దర్లో ఎవరిది కరెక్ట్?" అని ఇదివరకటిలా అడగలేదు. "ఇంజినీరుకు కనబడి కవికి కనబడనిదేంటి? కవికి తెలిసి ఇంజినీరు రాయనిదేంటి?" అని అడిగాను. పాప చాలాసేపు ఆలోచించి, "ఇంజినీరు వరద అయిపోయాక వచ్చాడు. ఆయనకి మళ్ళీ వరద రాకుండా చేయడం ముఖ్యం. ఈయనకి ఇంక మళ్ళీ వచ్చినా రాకపోయినా ఒకటే" అంది. అంతకుముందు ఆరు వారాల్లో ఒక్కసారి కూడా ఆమె రాసినవాళ్ళ చోట నిలబడి మాట్లాడలేదు.

హైదరాబాద్ కట్టిన కులీ కుతుబ్‌షా ప్రేమించాడని చెప్పుకునే భాగమతి గురించి కూడా ఒక వారం గడిపాం. బాబుకు ఆ కథంటే ఇష్టం. కుతుబ్‌షాహీల చరిత్ర మీద గొప్ప పండితుడు హెచ్.కె. షేర్వానీ భాగమతి కల్పితమన్నారు. నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ ఆమె ఉందని వాదించారు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే, ఇద్దరికీ ఈ ఊరంటే ప్రాణమే. ఆధారాలు తక్కువైన చోట పండితులు కూడా విడిపోతారని తెలియడానికి అది సరిపోయింది.

క్రియను పట్టుకోవడం

పిల్లలకు మూలాలను చదవడం నేర్పే తెలుగువాళ్ళకు మన భాషే ఒక మంచి పనిముట్టు ఇస్తుంది. దీని మీద నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాను, పెట్టినందుకు ఫలితం కూడా కనబడింది.

బాబే మొదలుపెట్టాడు. ఒక పుస్తకంలో "ఆ గ్రామంలో ఇళ్ళు తగలబడ్డాయి" అని ఉంది. వాడు టక్కున, "టీచర్, నేను గ్లాసు పగలగొడితే అమ్మతో 'గ్లాసు పగిలింది' అంటాను" అన్నాడు. అక్కడే ఉన్న వాళ్ళమ్మ పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి ఒక ఆట పెట్టుకున్నాం. ఏ పేరా ఇచ్చినా క్రియ కింద గీత గీసి, దాన్ని "ఎవరు?" అని అడగాలి. జవాబు ఆ వాక్యంలో లేకపోతే ఎర్ర చుక్క పెట్టాలి.

"హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది." ఎవరు కలిపారు? ఎర్ర చుక్క. "తెలంగాణకు విముక్తి లభించింది." ఎవరిచ్చారు, ఎవరి నుంచి? ఎర్ర చుక్క. "శాంతిభద్రతలు క్షీణించాయి." ఎవరు క్షీణింపజేశారు? "అనేకమంది ప్రాణాలు కోల్పోయారు." ఎవరు తీశారు? ఒకే పేజీలో ఏడు ఎర్ర చుక్కలు పడ్డాయి. తర్వాత అదే పుస్తకంలో రచయితకు నచ్చిన పక్షం గురించి రాసిన పేజీ తీశాం. అక్కడ ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు: పోరాడారు, కాపాడారు, త్యాగం చేశారు. పాసంగం ఎటుందో పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

పేర్లను కూడా ఇలాగే విప్పాం. సైన్యం దాన్ని ఆపరేషన్ పోలో అంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో 1948 సెప్టెంబరు 13న సైన్యం నడిచొచ్చింది, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ట్యాంకులతో వచ్చినదాన్ని పోలీసు చర్య అని ఎందుకన్నారు? ఆగస్టులోనే హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ఇది రెండు దేశాల యుద్ధం కాదు, మా ఇంటి వ్యవహారం అని ఢిల్లీ చెప్పుకోవాలి. ఇంటి వ్యవహారానికి పోలీసులు సరిపోతారు. ఆ పేరు తాతగారి నోటికీ, దాదీ నోటికీ కూడా ఎక్కింది. 76 ఏళ్ళ తర్వాత కూడా ఇద్దరూ ఆ మాటే వాడతారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో

జనవరిలో నాన్నకు వాళ్ళ బంధువుల గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. విమానాశ్రయంలో నిజాం చేతులు జోడించి నిలబడ్డాడు, ఎదురుగా సర్దార్ పటేల్. కింద "1948 సెప్టెంబరు 17, నిజాం లొంగుబాటు" అని రాశారు. ఈ ఫొటో హైదరాబాద్‌లో చాలామంది ఫోన్లలో ఉంటుంది. బాబుకు అప్పజెప్పాను: ఆ రోజు పటేల్ ఎక్కడున్నాడో కనుక్కో.

వాడికి మూడు రోజులు పట్టింది. నేను ఇచ్చిన పుస్తకాల్లో తేదీలు వెతికి పట్టుకొచ్చాడు. లొంగుబాటు సెప్టెంబరు 18న జరిగింది. లొంగిపోయింది హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్, ఎదురుగా ఉన్నది చౌధురి. ఇద్దరూ యూనిఫాంలో ఉన్నారు. పటేల్ హైదరాబాద్ వచ్చింది 1949 ఫిబ్రవరిలో. బేగంపేటలో ఆయనకు నిజాం స్వాగతం పలికినప్పటి ఫొటో అది. "ఫొటో నిజమే టీచర్, కింద మాటే తప్పు" అన్నాడు. వాళ్ళ నాన్న ఆ గ్రూపులో ఈ సంగతి మర్యాదగా రాశారు. అక్కడ ఏం జరిగిందో చెప్పను కానీ, బాబుకు మాత్రం నాన్న తన మాట నలుగురిలో పెట్టారన్న గర్వం చాలా రోజులుంది.

పాపకు ఇంకాస్త కష్టమైనది ఇచ్చాను. 1948 సెప్టెంబరు 23న నిజాం రేడియోలో ఇంకో ప్రసంగం చేశాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ముఠా బలప్రయోగంతో తన మీద లాయక్ అలీ మంత్రివర్గాన్ని రుద్దిందనీ, రాజ్యాన్ని చేజిక్కించుకుందనీ అన్నాడు. మొదట్లో అయితే "ఓడిపోయాక చెప్పాడు కాబట్టి అబద్ధం" అని కొట్టిపారేసేది. ఇప్పుడు తేదీ పక్కన పెట్టుకుని ఆలోచించింది. ఓడిన ఆరో రోజు. గెలిచినవాళ్ళను మంచి చేసుకోవాలి. నిజానికి 1950 నుంచి 1956 దాకా ఆయనే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా (గవర్నర్‌లాంటి పదవి) ఉన్నాడు కూడా. మరి రజ్వీ బలవంతం అసలు లేదా? రజాకార్ల గుంపు లాయక్ అలీకి ముందున్న ప్రధాని ఇంటిని చుట్టుముట్టిన సంగతి ఇతర కథనాల్లో కూడా ఉంది. "అంటే జరిగింది నిజం. కానీ తన తప్పేమీ లేదన్నట్టు చెప్పడం పాసంగం" అని రాసుకుంది. నా దృష్టిలో ఆ ఏడాది ఆమె రాసిన వాక్యాల్లో ఇది మేలైనది.

మతం అనే ఒక్క గీత

పాప రాసిన మొదటి మూడు వాక్యాల్లో రెండోది నన్ను వదల్లేదు. రజాకార్ల దౌర్జన్యాలు కల్పన కావు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండకు ఊళ్ళో స్తూపముంది. మృతుల సంఖ్య పుస్తకానికో రకంగా కనిపిస్తుంది, సంఘటన గురించి మాత్రం తేడా లేదు. దాన్ని పిల్లలకు మెత్తగా చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

కానీ దాన్ని హిందువులు, ముస్లింలు అనే ఒక్క గీతతో రెండుగా కోస్తే చాలామంది ఆ గీతకు అటూ ఇటూ ఇమడరు. ఆ ముందు వారంలోనే, ఆగస్టు 22న, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపింది విసునూరు దేశ్‌ముఖ్ (ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి) మనుషులు. ఆ దేశ్‌ముఖ్ ముస్లిం కాదు. నిజాంకు ఎదురు నిలిచిన కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. పాప ఈ నాలుగు పేర్లనూ ఒక కాగితం మీద రాసుకుని, ఎక్కడ గీత గీయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆమెను తొందరపెట్టలేదు.

సుందర్‌లాల్ కమిటీ నివేదిక దగ్గర నేను చాలా తటపటాయించాను. సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని భారత ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్‌నూ, ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ ఇతరులనూ పంపింది. వాళ్ళు 1948 చివర్లో జిల్లాలు తిరిగి, 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువన్నారు. ప్రభుత్వం దాన్ని అప్పట్లో బయటపెట్టలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనానికి చూడడానికి దొరికింది 2013లో. అందులో కొన్ని వర్ణనలు పిల్లలకు చదివి వినిపించదగ్గవి కావు. అమ్మానాన్నలతో ముందే మాట్లాడి, బాబును ఆ తరగతికి కూర్చోబెట్టలేదు. పాపకు మూడు పేరాలు మాత్రం ఇచ్చాను.

ఇక్కడ ఆమెకు నేర్పిన సంగతి ఒకటే. ఎవరైనా తమను పంపినవాళ్ళకు ఇబ్బంది కలిగించే మాట రాస్తే, దాన్ని రెండుసార్లు చదవాలి. ఆ మాట రాయడానికి వాళ్ళకు లాభం లేదు, నష్టమే ఉంది. ఈ నివేదిక రజాకార్ల దౌర్జన్యాలను దాచలేదు. హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన సందర్భాలనూ రాసింది. ఒకే కాగితంలో ఈ మూడూ ఉన్నాయంటే దాని పాసంగం తక్కువేమో అని పాప అంది. తక్కువే కావచ్చు, నెల తిరక్కుండా తిరిగొచ్చి రాసిందని కూడా గుర్తుపెట్టుకోమన్నాను.

ఈ సమయంలోనే నాన్న ఒకసారి నన్ను ఆపి, "ఇవన్నీ సరే మేడమ్, పరీక్షలో ఏది రాయాలి?" అన్నారు. ఆయన టెన్షన్ సహజం. పరీక్షలో పాఠ్యపుస్తకంలో ఉన్నది రాయమని, పుస్తకం ఏం చెబుతోందో తెలిసి రాయడం అబద్ధం కాదని చెప్పాను. తన నోట్‌బుక్కులో తను తేల్చుకున్నది రాస్తుంది.

నీలం సిరా, ఆకుపచ్చ సిరా

మార్చిలో పాప తనంతట తానే వెళ్ళి తాతను అడిగింది, ఆ రోజు సంగతి మళ్ళీ చెప్తావా అని. పద్ధతి నేను చెప్పాను. ఆయన కళ్ళారా చూసినది నీలం సిరాతో, విన్నది ఆకుపచ్చ సిరాతో రాయాలి. ఆయన మాటలకు అడ్డు తగలకూడదు, అయ్యాక నిదానంగా అడగాలి.

ఆయన గుమ్మి గురించి చెప్పారు. వాళ్ళమ్మ తనను ఎత్తి వడ్ల గుమ్మిలో దింపి పైన గోనెసంచి కప్పింది. లోపల చీకటి. వడ్ల నూగు మెడ మీద దురద పెట్టింది, గోక్కుంటే చప్పుడవుతుందని గోక్కోలేదు. ఎక్కడో కోడి ఒకటి అదేపనిగా అరిచింది. నీలం పెన్ను ఆగకుండా నడిచింది. తర్వాత గుర్రాల మీద వచ్చినవాళ్ళ సంగతి మొదలైంది. ఆయన చెప్పడం అయ్యాక పాప మెల్లగా, "తాతా, గుర్రాలు నువ్వు చూసినవా?" అంది.

ఆయన చెప్పబోయి ఆగారు. చాలాసేపు కిటికీ వైపు చూశారు.

"లేదు బిడ్డా. గుర్రాలు నేను చూడలే. గుమ్మిల ఉంటి గద. గా ముచ్చట మా నాయిన చెప్పిండు." కాసేపాగి, "ఇన్నేండ్లు నేనే చూసిన అనుకున్న" అన్నారు.

పాప ఆకుపచ్చ పెన్ను తీసుకుంది. ఆయన ఆ పేజీ అడిగి తీసుకుని రెండు రంగులూ చూసి, "నాయినది పచ్చ రంగు" అని నవ్వారు. ఆరేళ్ళ పిల్లాడికేం గుర్తుంటుందని మొదట్లో అన్న పిల్లే, ఆ గుమ్మి చీకటినీ నూగు దురదనూ ఏ పుస్తకంలోనూ లేని సాక్ష్యమని తెలుసుకుని రాసింది. తాతయ్య మాటను తూచింది, తక్కువ చేయలేదు. ఈ కేసులో నాకు దక్కిన ఫలితం ఏదైనా ఉందంటే అది ఆ పేజీ.

అమ్మ తరపు అమ్మమ్మను ఫోన్లో అడిగారు. నిజాం ఇలాకా నుంచి జనం బెజవాడ వైపు తరలిరావడం గురించి వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పుకునేవారట. అంతా ఆకుపచ్చే, అరపేజీ.

దాదీ దగ్గరికి పంపాలా వద్దా అని అమ్మ, నేను చాలా ఆలోచించాం. బీదర్ పేరు ఆ నివేదికలో ఉంది. పిల్ల ప్రాజెక్టు కోసం ఎవరి గాయమూ కదపకూడదని నేను గట్టిగా అనుకుంటాను. చివరకు పాపకు ఒక్కటే చెప్పాం: తాత సంగతి రాస్తున్నానని చెప్పు, ఆవిడ చెబితే విను, అడగొద్దు. పాప అలాగే చేసింది. దాదీ ఆ రెండు రంగుల పేజీని చేత్తో తడిమి చూశారట. "వో బాత్ నక్కో బేటా" (ఆ మాట వద్దు బిడ్డా) అని, లోపలికెళ్ళి ఖర్జూరాలు తెచ్చి చేతిలో పెట్టారట.

బాబు అడిగాడు, "మరి ఇది ఏ రంగుతో రాయాలి?" నా దగ్గర జవాబు లేదు. ముగ్గురం మాట్లాడుకుని, ఆవిడకు సగం పేజీ వదిలేశాం. పైన తేదీ, "చెప్పలేదు" అన్న మాట మాత్రం పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

మేలో రాసింది

మొదటిరోజు అడిగిన ప్రశ్నే చివర్లో మళ్ళీ ఇచ్చాను. పాప రెండు పేజీలు రాసింది. అందులోంచి కొన్ని వాక్యాలు: "1948 సెప్టెంబరు 13న భారత ప్రభుత్వం హైదరాబాద్ మీదికి సైన్యాన్ని పంపింది. రజాకార్లు ఊళ్ళ మీద పడి చంపుతున్నారని ప్రభుత్వం చెప్పింది, మా తాత వాళ్ళ ఊళ్ళో కూడా ఆ భయం ఉండేది. దేశ్‌ముఖ్‌ల మీద రైతులు అంతకుముందే పోరాడుతున్నారు. సైన్యం వచ్చాక ఆ పోరాటం ఆగలేదు, 1951 దాకా సాగింది. సైన్యం వచ్చాక కొన్ని జిల్లాల్లో చాలామంది ముస్లింలను చంపారని ప్రభుత్వం పంపిన కమిటీయే రాసింది. ఈ రోజుకు ఎవరు ఏ పేరు పెడతారన్నది వాళ్ళు ఇందులో ఏ వాక్యాన్ని మొదట చెబుతారన్నదాన్ని బట్టి ఉంటుంది."

ఎర్ర చుక్కల కోసం నేనే వెతికాను. ఒక్కటీ కనబడలేదు.

అన్నీ కుదిరాయని చెప్పను. బాబుకు ఫిబ్రవరి తర్వాత 1948 మీద ఆసక్తి పోయింది. ఫొటోలు, నాణేలు, చెట్లు ఉంటేనే వాడు కూర్చుంటాడు. వాడి వయసుకు అది చాలనిపించి బలవంతం చేయలేదు. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే మూసీతోనే మొదలుపెడతాను, తక్కెడ మొదటి రోజే కిందికి దింపిస్తాను.

జూన్ నుంచి 1857లోకి వెళ్ళాం. ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి కోఠీలో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ మీద దాడి చేశారు. మొదటి తరగతిలో పాప అడిగిన మొదటి ప్రశ్న, "తుర్రేబాజ్ ఖాన్ తను రాసిందేమైనా ఉందా టీచర్?" నా దగ్గరున్న కాగితాల్లో ఆయన రాసింది ఒక్కటీ లేదని చెప్పాను. ఆమె నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి, పై సగం ఖాళీగా వదిలి, కింద సగంలో రెసిడెన్సీ వాళ్ళు చెప్పింది రాయడానికి ఆకుపచ్చ పెన్ను మూత తీసింది.